మోటారు పడవల ఇంజిన్లలో హెచ్చరిక గంటలు, విద్యుత్ లోపాలు: గుర్తింపు, సత్వర చర్యలు, నివారణ

ప్రత్యేక వ్యాసం

వరదల కాలంలో లంక గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించడానికైనా, తుపాను హెచ్చరిక వెలువడిన పిదప మత్స్యకారులు సముద్రం నుంచి తీరానికి చేరుకోవడానికైనా చిన్న మోటారు పడవయే ప్రధాన ఆధారం. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు, 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడ నగరంలోని పలు కాలనీలు జలదిగ్బంధంలో చిక్కుకున్నప్పుడు బాధితుల తరలింపులో, ఆహారం, తాగునీరు, మందుల పంపిణీలో పడవలు కీలకపాత్ర వహించాయి. ఇటువంటి సమయాలలో పడవల సంఖ్య ఎంత ముఖ్యమో, వాటి ఇంజిన్లు నడినీటిలో ఆగిపోకుండా చూడడం అంతే ముఖ్యం.

సహాయక చర్యలలోనూ, తీరప్రాంత చేపల వేటలోనూ వినియోగించే చిన్న ఫైబరు బోట్లలో అధికభాగం వెనుక పలకకు బిగించే ఔట్‌బోర్డు ఇంజిన్‌తో నడుస్తాయి. ఈ పడవలకు సాధారణంగా వేరే చుక్కాని ఉండదు. ఇంజిన్‌ను కుడి ఎడమలకు తిప్పడం ద్వారానే దిశ మారుతుంది. కనుక ఇంజిన్ ఆగినచో వేగంతోపాటు దిశను మార్చే శక్తి కూడా పోతుంది. ప్రవాహ వేగం అధికంగా ఉన్న చోట అటువంటి పడవ వంతెన స్తంభాల వైపునకో, ఆనకట్ట వైపునకో, మునిగివున్న విద్యుత్ స్తంభాల వైపునకో కొట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఊరట కలిగించే విషయం ఏమనగా, నడినీటిలో ఇంజిన్‌ను ఆపివేసే లోపాలలో అనేకం చిన్నవి, ముందుగా గుర్తించదగినవి. వదులైన బ్యాటరీ కొస, చిలుము పట్టిన తీగ, ఊడిన భద్రతా తాడు, నీటి మార్గానికి అడ్డుపడిన ప్లాస్టిక్ సంచి వంటివి వీటిలో ముఖ్యమైనవి. ఇంజిన్‌లోని హెచ్చరిక వ్యవస్థ కూడా పలు సందర్భాలలో ముందే సంకేతమిస్తుంది. ఆ సంకేతాన్ని సకాలంలో గ్రహించి స్పందించడంపైనే పడవలోని వారి భద్రత ఆధారపడి ఉంటుంది. ఈ విషయమై అధికారులకు, పాత్రికేయులకు ఉపయుక్తమగు సమాచారాన్ని ఈ దిగువ పొందుపరచడమైనది.

హెచ్చరిక గంట దేనికి సంకేతం?

ఔట్‌బోర్డు ఇంజిన్లలో హెచ్చరిక గంట ప్రధానంగా మూడు కారణాలపై మోగుతుంది. మొదటిది, ఇంజిన్ పరిమితికి మించి వేడెక్కడం. రెండవది, ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్లలో ఆయిల్ పీడనం తగ్గడం, లేదా ఆయిల్ ట్యాంకు వేరుగా గల టూస్ట్రోక్ ఇంజిన్లలో ఆయిల్ అడుగంటడం. మూడవది, బ్యాటరీ వోల్టేజి ఉండవలసిన స్థాయిలో లేకపోవడం. కొన్ని ఇంజిన్లలో పెట్రోలులో నీరు చేరినప్పుడు కూడా గంట మోగే ఏర్పాటు ఉంది.

గంట ఏకధాటిగా మోగడం, ఆగి ఆగి మోగడం, దానితోపాటు ఎర్రదీపం వెలగడం అనే సంకేతాల అర్థం అన్ని కంపెనీల ఇంజిన్లలో ఒకే విధంగా ఉండదు. ప్రతి ఇంజిన్‌తోపాటు ఇచ్చే పుస్తకంలో ఈ వివరాల పట్టిక ఉంటుంది. ఆ పట్టికను తెలుగులో రాయించి, తడవని కవరులో ఉంచి, డ్రైవరుకు ఎదురుగా అంటించడం అత్యావశ్యకం. ఖర్చు లేని ఈ చిన్న ఏర్పాటు ఆపత్సమయంలో ఎంతో ఉపకరిస్తుంది.

తాళం తిప్పిన వెంటనే పలు ఇంజిన్లలో గంట ఒకసారి మోగి ఆగుతుంది. అది గంట పనిచేస్తున్నదనడానికి నిదర్శనం. ఇటువంటి ఇంజిన్‌లో ఆ శబ్దం రాకపోతే గంట గాని, దాని తీగ గాని పాడైనట్లు భావించి బాగుచేయించిన తరువాతనే బయలుదేరాలి. శబ్దం చికాకు కలిగిస్తున్నదని గంట తీగను ఊడదీయడం ప్రాణాంతకమైన అలవాటు.

వేడి గాని, ఆయిల్ లోపం గాని తలెత్తినప్పుడు పలు ఆధునిక ఇంజిన్లు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఇది ఇంజిన్‌ను కాపాడే ఏర్పాటు. డ్రైవరు కావాలని నెమ్మదిగా నడుపుతున్నాడని అపోహపడి, వేగం పెంచవలసిందిగా అతనిపై ఒత్తిడి తేవడం తగదు.

మొదటి రెండు నిమిషాలలో చేయవలసినవి

గంట మోగగానే వేగాన్ని తగ్గించాలి. పడవ ఎక్కడ ఉన్నదీ, ప్రవాహం ఎటు లాగుతున్నదీ గమనించాలి. సమీపంలో వంతెన, ఆనకట్ట, చెట్లు, విద్యుత్ తీగలు లేనట్లయితే గేరును న్యూట్రల్‌లోనికి తెచ్చి, లంగరును పడవ ముందు భాగం నుంచి దించి, ఆ తరువాతనే ఇంజిన్ మూత తెరవాలి. వెనుక భాగం నుంచి లంగరు వేసినచో ప్రవాహపు నీరు ఇంజిన్ వైపు నుంచి పడవలోనికి చొరబడే ప్రమాదం ఉన్నది. ప్రయాణికులు లేచి నిలబడకుండా, అందరూ ఒకే వైపునకు చేరకుండా చూడాలి.

పడవ ప్రమాదకర స్థలానికి చేరువలో ఉన్నప్పుడు పరిస్థితి వేరు. అక్కడ ఇంజిన్‌ను ఆపడం కంటె, మిగిలివున్న శక్తితో పడవను ప్రవాహం తక్కువగా ఉన్న ఒడ్డుకు చేర్చి, అనంతరం ఆపడం శ్రేయస్కరం. ఇంజిన్ దెబ్బతిన్నా ప్రాణాలు దక్కుతాయి. ఈ నిర్ణయం తీసుకునే అధికారం డ్రైవరుకు ఉన్నదని, అందువల్ల ఇంజిన్ పాడైనా అతనిని బాధ్యుని చేయబోరని పర్యవేక్షణాధికారులు ముందుగానే స్పష్టం చేయడం మంచిది. నష్టపరిహారం భయంతో డ్రైవరు తటపటాయిస్తే, ఆ కొద్ది క్షణాల జాప్యమే ప్రాణనష్టానికి దారితీయవచ్చు.

ఇంజిన్ వేడెక్కినప్పుడు

ఔట్‌బోర్డు ఇంజిన్ తాను తేలియాడే నీటినే లోనికి పీల్చుకుని చల్లబడుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాని వెనుకనో, పక్కనో ఉండే చిన్న రంధ్రం నుంచి సన్నని నీటిధార బయటికి వస్తుంది. ఈ ధార సక్రమంగా ఉన్నంతవరకు పంపు పనిచేస్తున్నట్లు లెక్క. ధార సన్నగిల్లినా, ఆగినా, ఆవిరితో కూడి వచ్చినా డ్రైవరు వెంటనే అప్రమత్తం కావాలి.

కాలువలలో, చెరువులలో గుర్రపుడెక్క, నాచు, పట్టణ ముంపు ప్రాంతాలలో ప్లాస్టిక్ సంచులు, గుడ్డపీలికలు ఇంజిన్ కింది భాగంలోని నీటి జాలీకి అడ్డుపడుతుంటాయి. ముందుగా కొద్ది క్షణాలు రివర్సు గేరులో నడిపినచో సంచి ఊడివచ్చే అవకాశం ఉంది. అలా రానిచో ఇంజిన్‌ను ఆపి, పైకెత్తి, జాలీని చేతితో శుభ్రపరచాలి. ఒక్కొక్కప్పుడు జాలీ శుభ్రంగానే ఉండి, నీటిధార వచ్చే రంధ్రమే మట్టితో పూడుకుపోతుంది. సన్నని తీగతో పొడిచినచో ధార మళ్లీ వస్తుంది.

ఇవన్నీ చేసిన తరువాత కూడా ధార రాకపోతే పంపులోని రబ్బరు ఇంపెల్లరు అరిగిందనో, చిరిగిందనో అనుమానించాలి. వరద నీటిలోని ఇసుక, వండ్రు మట్టి ఇంపెల్లరును త్వరగా అరగదీస్తాయి. నీరు లేకుండా ఒడ్డున ఇంజిన్‌ను నడిపి చూసినచో కొద్ది సెకన్లలోనే అది దెబ్బతినవచ్చు. నీటి పైపుతో సరఫరా ఇవ్వకుండా ఒడ్డున ఇంజిన్‌ను పరీక్షించరాదు.

ఆయిల్ హెచ్చరిక వచ్చినప్పుడు

ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ పీడనం తగ్గినట్లు సంకేతం వచ్చినప్పుడు, పడవ సురక్షిత స్థలంలో ఉన్నచో, ఇంజిన్‌ను తక్షణం ఆపాలి. ఇంజిన్‌ను నిలువుగా ఉంచి, కొద్ది నిమిషాలు ఆగి, కొలపుల్లతో ఆయిల్ మట్టాన్ని చూడాలి. తక్కువగా ఉన్నచో కంపెనీ సూచించిన ఆయిల్ పోయాలి. మట్టం సరిగా ఉండి కూడా గంట మోగుతున్నట్లయితే మెకానిక్ పరీక్షించేవరకు ఆ ఇంజిన్‌ను నడపరాదు.

పెట్రోలులోనే ఆయిల్ కలిపి వాడే టూస్ట్రోక్ ఇంజిన్లలో ఈ హెచ్చరిక ఉండదు. కనుక కలిపే పాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. పలు ఇంజిన్లకు 50 లీటర్ల పెట్రోలుకు 1 లీటరు ఆయిల్ చొప్పున సూచిస్తారు. అయినను, ఆయా ఇంజిన్ పుస్తకంలో ఉన్న పాళ్లనే అనుసరించాలి. సహాయక శిబిరాలలో పలు రకాల ఇంజిన్లకు ఒకేచోట ఇంధనం నింపుతారు కాబట్టి, ఆయిల్ కలిపిన డబ్బాలకు, కలపని డబ్బాలకు వేర్వేరు రంగుల గుర్తులు వేయడం ఆవశ్యకం.

బ్యాటరీ, వోల్టేజి

చిన్న పడవలలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ వాడతారు. ఇంజిన్ ఆపి కొంతసేపు గడిచిన తరువాత మల్టీమీటరుతో కొలిచినప్పుడు సుమారు 12.6 వోల్టులు ఉన్నచో బ్యాటరీ పూర్తి చార్జితో ఉన్నట్లు, 12.2 వోల్టుల దరిదాపున ఉన్నచో సగం చార్జి మిగిలినట్లు భావించాలి. 12 వోల్టులకు దిగువన ఉన్న బ్యాటరీతో వరద విధులకు బయలుదేరరాదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఇదే కొలత సుమారు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నా వోల్టేజి పెరగకపోతే చార్జింగు జరగడం లేదని అర్థం. 15 వోల్టులు దాటితే రెగ్యులేటరు లోపంగా అనుమానించాలి.

సహాయక చర్యల సమయంలో మైకుసెట్టు, సెర్చిలైటు, సెల్‌ఫోను చార్జర్లు అన్నింటినీ ఇంజిన్ బ్యాటరీకే తగిలించడం పరిపాటి. ఇంజిన్ ఆపివుంచి ఇవి వాడినప్పుడు రాత్రి గడిచేసరికి బ్యాటరీ నీరసిస్తుంది. తెల్లవారి బయలుదేరవలసిన పడవ కదలదు. ఈ ఉపకరణాలకు వేరే బ్యాటరీ ఏర్పాటు చేయడం ఉత్తమ పరిష్కారం.

ఇంజిన్ స్టార్టు కానప్పుడు: వరుస తనిఖీ

విద్యుత్ లోపాలను వెదకడంలో వరుసక్రమం ముఖ్యం. సులభమైన వాటిని మొదట, కష్టమైన వాటిని తరువాత పరీక్షించాలి.

1. భద్రతా తాడు: డ్రైవరు నీటిలో పడిపోయినప్పుడు ఇంజిన్ దానంతట అదే ఆగడానికి ఈ తాడును స్విచ్చికి తగిలించి, రెండవ కొసను డ్రైవరుకు కట్టుకుంటారు. ఎవరి చేయి తగిలి క్లిప్పు ఊడినా ఇంజిన్ ఆగిపోతుంది, తిరిగి అంటుకోదు. అదనపు క్లిప్పు ఒకటి పడవలో ఉండాలి.

2. గేరు: సెల్ఫు ఉన్న ఇంజిన్లు న్యూట్రల్‌లో ఉంటేనే తిరిగే విధంగా ఏర్పాటు ఉంటుంది. గేరు లివరు సరిగా న్యూట్రల్‌లో ఉన్నదీ లేనిదీ చూడాలి.

3. బ్యాటరీ కొసలు: చేతితో కదిపినప్పుడు కొస కదిలినచో అదే లోపం. తెల్లని పొడి గాని, ఆకుపచ్చని చిలుము గాని ఉన్నచో గీకి శుభ్రపరచి బిగించాలి. చేతితో తిప్పే చెవుల నట్లు అలల అదురుకు వదులవుతాయి. వాటి స్థానంలో స్పానరుతో బిగించే నట్లు వాడాలి.

4. ఫ్యూజు: ఊడదీసి వెలుతురులో చూడాలి. కాలినచో అదే ఆంపియరు గల ఫ్యూజు వేయాలి. మళ్లీ కాలినచో ఎక్కడో తీగ రాపిడికి గురై తాకుతున్నట్లు గ్రహించాలి. పెద్ద ఫ్యూజు గాని, రాగి తీగ గాని వేయడం అగ్నిప్రమాదానికి ఆహ్వానం.

5. ఎర్తు తీగ: బ్యాటరీ నెగిటివు నుంచి ఇంజిన్‌కు వెళ్లే తీగ చివర చిలుము పట్టినచో మిగిలినవన్నీ సక్రమంగా ఉన్నా సెల్ఫు తిరగదు. సెల్ఫు నొక్కుతున్నప్పుడు బ్యాటరీ నెగిటివు కొసకు, ఇంజిన్ లోహభాగానికి మధ్య అర వోల్టుకు మించి చూపినచో ఈ మార్గంలో లోపం ఉన్నట్లే.

సెల్ఫు నొక్కినప్పుడు వచ్చే శబ్దం కూడా లోపాన్ని సూచిస్తుంది. దీపాలు మసకబారి సెల్ఫు నెమ్మదిగా తిరిగినచో బ్యాటరీ గాని, కొసలు గాని కారణం. టక్ మనే శబ్దం మాత్రమే వచ్చినచో బ్యాటరీ, కొసలు, సెల్ఫు రిలే చూడాలి. ఏ శబ్దమూ రానిచో ఫ్యూజు, న్యూట్రల్, తాళపు స్విచ్చి చూడాలి. సెల్ఫు చురుకుగా తిరుగుతున్నా ఇంజిన్ అంటుకోనిచో భద్రతా తాడు, పెట్రోలు, స్పార్కు ప్లగ్గులు పరీక్షించాలి.

బ్యాటరీ పూర్తిగా నీరసించినప్పుడు పలు చిన్న ఇంజిన్లను ఫ్లైవీలుకు తాడు చుట్టి లాగి స్టార్టు చేయవచ్చు. అయితే ఈ పద్ధతిలో న్యూట్రల్ రక్షణ పనిచేయదు. గేరులో ఉండగా తాడు లాగినచో పడవ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. తుండుగుడ్డ, లుంగీ అంచు, మెడలోని గుర్తింపు కార్డు తాడు తిరుగుతున్న చక్రంలో చిక్కుకోకుండా చూడాలి.

ఇంధన లోపమా, విద్యుత్ లోపమా?

ఇంజిన్ కొద్ది నిమిషాలు నడిచి ఆగి, కొంతసేపటికి మళ్లీ అంటుకుని, తిరిగి ఆగుతున్నట్లయితే విద్యుత్ లోపమని భ్రమపడే అవకాశం ఉంది. పెట్రోలు ట్యాంకు మూతపై ఉండే గాలిమర తెరవనప్పుడు కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. మొదట ఆ మరను తెరచి, చేతిపంపు బల్బు గట్టిపడేవరకు నొక్కి చూడాలి. ఇథనాలు కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకునే స్వభావం కలది. నీరు మితిమీరినచో ఇథనాలుతోపాటు అడుగుకు దిగిపోతుంది. కనుక నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉన్న పెట్రోలును వరద విధులకు వాడరాదు. ఇంధన ఫిల్టరు గిన్నెలో చేరిన నీటిని ఎప్పటికప్పుడు తీసివేయాలి.

మునిగిన ఇంజిన్ విషయంలో

పడవ తిరగబడి ఇంజిన్ నీట మునిగినట్లయితే, దానిని పైకి తీసిన వెంటనే స్టార్టు చేసే ప్రయత్నం చేయరాదు. సిలిండరులోని నీరు నలగదు కనుక లోపలి భాగాలు వంగిపోతాయి. బ్యాటరీ తీగలు విప్పి, స్పార్కు ప్లగ్గులు తీసి, నీటిని వంచివేసి, మంచినీటితో కడిగి, ఆయిల్ మార్చే నిమిత్తం వీలైనంత త్వరగా, సాధ్యమైతే అదే రోజున, మెకానిక్‌కు అప్పగించాలి. గాలి తగిలేకొద్దీ తుప్పు పెరుగుతుంది.

చేయకూడని పనులు

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పరాదు. రెగ్యులేటరు కాలిపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ మార్చేటప్పుడు నెగిటివు తీగను ముందుగా విప్పి, చివరగా బిగించాలి. పాజిటివు, నెగిటివు తారుమారైనచో క్షణంలో చార్జింగు వ్యవస్థ దెబ్బతింటుంది. పెట్రోలు వాసన వస్తున్నప్పుడు ఏ స్విచ్చినీ తాకరాదు. మూత తెరచి, గాలి ఆడనిచ్చి, వాసన పోయిన తరువాతనే పరీక్ష మొదలుపెట్టాలి.

నివారణ చర్యలు

సముద్రంలోగాని, వరద నీటిలోగాని నడిపిన ప్రతిసారీ ఇంజిన్‌లోనికి మంచినీరు పంపి ఉప్పును, మట్టిని కడిగివేయాలి. తీగల కొసలకు పెట్రోలియం జెల్లీ పూయాలి. పడవలలో కళాయి పూత కలిగిన రాగి తీగలు వాడినచో చిలుము పట్టడం తగ్గుతుంది. తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం ఇంటి వైరింగులో చెల్లవచ్చునేమోగాని ఉప్పుగాలిలో నిలువదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు అమలయ్యే చేపల వేట నిషేధ కాలం పడవల మరమ్మతులకు అనువైన సమయం. వేట తిరిగి మొదలయ్యే నాటికి నైరుతి రుతుపవనాలు కూడా ప్రవేశిస్తాయి కనుక, సహాయక పడవలను సైతం ఈ వ్యవధిలోనే తనిఖీ చేయించడం సముచితం.

బయలుదేరే ముందు అధికారులు అడగదగిన ప్రశ్నలు

సాంకేతిక పరిజ్ఞానం లేని అధికారి సైతం ఈ ప్రశ్నలు అడిగి, స్వయంగా చూసి నిర్ధారించుకోవచ్చు. తాళం తిప్పినప్పుడు గంట మోగిందా? నీటిధార వస్తున్నదా? భద్రతా తాడు డ్రైవరుకు కట్టివున్నదా? బ్యాటరీ కొసలు బిగువుగా ఉన్నవా? అదనపు ఫ్యూజులు, ప్లగ్గులు, స్పానరు, స్టార్టింగు తాడు ఉన్నవా? లంగరు, రెండు తెడ్లు ఉన్నవా? ప్రతి ఒక్కరూ లైఫ్‌జాకెట్టు ధరించారా? వీటిలో ఏ ఒక్కదానికి సరైన సమాధానం రాకపోయినా పడవను నిలిపివేయాలి. పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు మాత్రమే.

పాత్రికేయులకు సూచన

2017 నవంబరు 12న విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద సంభవించిన పడవ ప్రమాదాలు జలప్రయాణ భద్రతపై విస్తృత చర్చకు దారితీశాయి. ప్రతి పడవ ప్రమాదానికీ ఇంజిన్ లోపమే కారణమనడం ఎంత పొరపాటో, ఇంజిన్ ఆగిపోయిందన్న ఒక్క వాక్యంతో వార్తను ముగించడం కూడా అంతే అసంపూర్ణం. గంట ముందుగా మోగిందా, మోగితే పడవను ఎందుకు ఆపలేదు, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది, లంగరు ఉన్నదా, పరిమితికి మించి ఎక్కించారా అనే ప్రశ్నలకు సమాధానం రాబట్టినప్పుడే వార్త ప్రజలకు ఉపకరిస్తుంది. దేశీయ జలమార్గాలలో నడిచే యాంత్రిక నౌకల తనిఖీ, రిజిస్ట్రేషన్లకు 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి దేశీయ నౌకల చట్టం ఆధారమని గమనించగలరు.

ఆపద సమయంలో సముద్రంలో ఉన్నవారు తీర రక్షక దళాన్ని 1554 నంబరుపై గాని, వి.హెచ్.ఎఫ్. సెట్టు ఉన్నచో 16వ చానల్‌పై గాని సంప్రదించవచ్చు. ఇతర ప్రాంతాలవారు 112 నంబరుకు ఫోను చేయవచ్చు. సాయం కోరేటప్పుడు పడవ ఉన్న స్థలం, అందులోని వారి సంఖ్య, ప్రవాహం లాగుతున్న దిశ అనే మూడు వివరాలు ముందుగా చెప్పాలి. ఇంజిన్ సంగతి ఆ తరువాత చెప్పవచ్చు.